పాఠకుల ప్రశ్నలు: ఆలుగడ్డ విత్తనానికి మొలక కట్టించడం ఎలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. జహీరాబాద్ వైపు నుంచి ఆలుగడ్డ అనీ, చిత్తూరు జిల్లా నుంచి ఉర్లగడ్డ అనీ, కోస్తా పాఠకులు బంగాళదుంప అనీ రాశారు. పంట ఒకటే కాబట్టి జవాబుల్లో ‘గడ్డ’ అని సరిపెట్టాం.

ప్రశ్న: ఆగ్రా విత్తనం కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన మర్నాడే నాటడం మాకు అలవాటు. మొలక కట్టించి నాటితే పంట ముందు చేతికొస్తుందంటున్నారు. నిజమేనా? ఎన్ని రోజులు కలిసొస్తాయి? (జహీరాబాద్ ప్రాంత రైతు)

నిజమే. పది రోజుల నుంచి రెండు వారాల దాకా కలిసొస్తాయి. ఆ రోజులు ఎక్కణ్ణుంచి వస్తాయో తెలిస్తే ఎక్కడ పోగొట్టుకుంటామో కూడా తెలుస్తుంది.

ఫిబ్రవరి, మార్చిలో తవ్విన గడ్డకు నిద్రావస్థ రెండు మూడు నెలల్లోనే తీరిపోతుంది. ఆ తర్వాత అక్టోబరు దాకా దాన్ని మొలవనీయకుండా పట్టి ఉంచేది 2-4 డిగ్రీల చలి మాత్రమే. అలాంటి గడ్డను తెచ్చిన మర్నాడే మట్టిలో పెడితే అది అక్కడ వేడెక్కాలి, మొలక లేచే కన్ను విచ్చుకోవాలి, మొలక మట్టి చీల్చుకుని పైకి రావాలి. దీనికి మూడు వారాల దాకా పడుతుంది, అదీ ఒక మొక్క ముందు, ఒక మొక్క వెనక. మొలక కట్టిన గడ్డయితే 8-12 రోజుల్లో వరసంతా ఒక్కసారే కనిపిస్తుంది. పొలం ఇంకా దుక్కిలో ఉండగానే నీడలో సగం పని ముగించుకోవడం అన్నమాట.

నవంబరు 1న నాటాలనుకుంటే అక్టోబరు 18 నాటికి గడ్డ మీ షెడ్డులో ఉండాలి. ఉత్తరాది పుస్తకాల్లో ఇంతకన్నా ఎక్కువ రోజులు రాసి ఉంటాయి. అక్కడి చల్లదనానికి అది సరే. మన దగ్గర అక్టోబరులో నీడలో కూడా 25 డిగ్రీలు దాటుతుంది కాబట్టి పది, పన్నెండు రోజులు చాలు.

లారీ దిగిన రోజు చేసే పనే అన్నిటికన్నా ముఖ్యం. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టే చల్లటి గడ్డకు చెమట పడుతుంది. బస్తా మూతి కుట్టు విప్పకుండా అట్టి మీద అట్టి పేరిస్తే ఆ తడి లోపలే ఉండి, రెండు రోజుల్లో గడ్డ మెత్తబడి వాసన వస్తుంది. అలాగని ఎండలో ఆరబోస్తే పైతొక్క ఉడుకుతుంది. టార్పాలిన్ గట్టిగా కప్పిన లారీలో ఎండన పడి వచ్చిన సరుకుదైతే ఇంకో సమస్య: లోపల గాలి ఆడక గడ్డ నడిమధ్య నల్లబడుతుంది. పైకి ఏమీ తెలియదు. అందుకే బస్తాకు రెండు గడ్డల చొప్పున నిలువునా కోసి చూసి దించుకోండి.

బస్తాలు విప్పి, కుళ్లినవీ దెబ్బ తగిలినవీ ఏరేసి, గాలి ఆడే నీడలో రెండు వరసల మందానికి మించకుండా పరవండి. టన్ను గడ్డకు 16 నుంచి 20 చదరపు మీటర్ల జాగా కావాలి. అంత చోటు లేకపోతే టమాట క్రేట్లు ఉన్నాయిగా, ఒక్కోదాంట్లో రెండు వరసలే వేసి, గాలీ వెలుతురూ ఆడేలా ఒకదాని మీద ఒకటి పేర్చవచ్చు. రేకుల షెడ్డయితే పైన తాటాకు గానీ వరిగడ్డి గానీ కప్పండి, లేదంటే మధ్యాహ్నం లోపల కొలిమిలా ఉంటుంది. నీళ్లు చల్లకూడదు. నాలుగైదు రోజులకోసారి కింది గడ్డ పైకి వచ్చేలా చేత్తో మార్చాలి. క్రేట్లనైతే పైవి కిందికి, కిందవి పైకి మారిస్తే సరిపోతుంది.

ఇక వెలుతురు. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. గడ్డ పచ్చబడుతుందని భయపడి చీకటి గదిలో తలుపేసి ఉంచుతారు. వంటకు వాడే గడ్డకు పచ్చదనం పనికిరాదు, చేదెక్కుతుంది, తినకూడదు. విత్తనగడ్డకు మాత్రం ఆ పచ్చదనం మంచిదే. వెలుతురు తగిలిన మొలక సాగదు, పొట్టిగా లావుగా అవుతుంది, అడుగున వేరు బుడిపెలు కట్టుకుంటుంది. చీకట్లో అయితే వెలుతురు కోసం వెతుక్కుంటూ తెల్లగా దారంలా పెరుగుతుంది. ఎండ నేరుగా పడకుండా, పేపరు చదువుకునేంత వెలుతురు రోజంతా ఉంటే చాలు.

మొలక మొదట జొన్నగింజంత ఉబ్బుగా కనబడుతుంది. సెంటీమీటరు పొడవుకు వచ్చి, ఆకుపచ్చగానో, రకాన్ని బట్టి ఊదా ఛాయతోనో ఉండి, బొటనవేలితో పక్కకు తోస్తే కదలకుండా నిలబడితే అది నాటే అదను. రెండు సెంటీమీటర్లు దాటనివ్వకండి. మొలకల మొదట్లో పేనుబంక చేరుతుందేమో రోజూ ఒక కన్నేసి ఉంచండి. అది వైరస్ తెగుళ్లను గడ్డ నుంచి గడ్డకు మోస్తుంది.

ఇంత శ్రమా పడి చివర్లో గడ్డను మళ్లీ గోనెసంచిలో పోసి, బండి మీద తొక్కి, పొలంలో దొర్లిస్తే మొలకలన్నీ రాలిపోతాయి. విరిగిన మొలక స్థానంలో కొత్తది రావడానికి మళ్లీ వారం పైనే. క్రేట్లతోనే పొలానికి తీసుకెళ్లండి. ముందే తడి ఇచ్చి, పదును మీద బోదె తోలి, మొలక పైకి ఉండేలా చేత్తో పెట్టి, 5-7 సెం.మీ. మట్టి కప్పండి. ఎరువు మొలకకు తగలకుండా పక్కన, కొంచెం లోతుగా పడాలి. పొడి మట్టిలో నాటి వెంటనే నిండా నీళ్లు పారిస్తే కుళ్లు ఖాయం.

ప్రశ్న: మొలక కట్టించి సెప్టెంబరు ఆఖర్లోనే నాటేస్తే ఇంకా ముందు పంట రాదా? (కోహిర్ మండలం)

రాదు. గడ్డ ఊరాలంటే రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపు ఉండాలి. అంతకన్నా వేడిగా ఉంటే మొక్క ఏపుగా పెరుగుతుంది గానీ కింద గడ్డ పడదు. పైగా వేడి తడి మట్టిలో విత్తనం కుళ్లి సాళ్లలో సందులు పడతాయి. తొందర షెడ్డులో చూపించండి, పొలంలో కాదు. కొంత వేడిని తట్టుకునే రకం కావాలంటే 2006లో విడుదలైన కుఫ్రి సూర్య ఉంది. దక్కన్ పీఠభూమికి నప్పే కుఫ్రి లౌకర్ 1972 నుంచీ ఉంది. (ఈ పేర్లన్నిటికీ ముందున్న కుఫ్రి సిమ్లా దగ్గరి ఊరు. కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ అక్కడే కొత్త రకాల సంకరం చేస్తుంది.)

ప్రశ్న: వానల వల్ల దుక్కి ఆలస్యమైంది. బస్తాల్లోనే ఉన్న గడ్డకు జానెడు పొడవు తెల్ల మొలకలు వచ్చి ఒకదానికొకటి అల్లుకుపోయాయి. పనికొస్తాయా? (సంగారెడ్డి జిల్లా)

చాలావరకు పనికొస్తాయి, ముందు పంట ఆశ మాత్రం వదులుకోవాలి. బస్తాలు నిలువునా కోసి గడ్డలను బయటికి తీయండి, లాగి విడదీయకండి. మొలకలన్నీ మొదలంటా తుంచి, వెలుతురులో పరిస్తే పది పన్నెండు రోజుల్లో కొత్తవి పొట్టిగా వస్తాయి. ఈ పని ఒక్కసారికే. మళ్లీ మళ్లీ తుంచితే గడ్డలోని పిండిపదార్థం అంతా మొలకలకే ఖర్చై, మొక్క నీరసంగా లేస్తుంది.

తుంచడం వల్ల ఇంకో మార్పు వస్తుంది. గడ్డ కొసన, కళ్లు గుంపుగా ఉండేచోట, మొదట లేచిన మొలక మిగతా కళ్లను అణచి ఉంచుతుంది. దాన్ని తీసేస్తే నాలుగైదు కళ్లు ఒకేసారి లేస్తాయి. కాడలు ఎక్కువ, గడ్డలు ఎక్కువ, సైజు చిన్నది. విత్తనం కోసం పండించేవారికి అది లాభమే. మార్కెట్‌కు పెద్ద గడ్డ కావాలనుకునేవారికి కాదు.

ముడతలు పడి చేతికి మెత్తగా తగిలేవాటిని పారేయండి. కుట్టు దారమంత సన్నగా వెంట్రుక మొలకలు వచ్చిన గడ్డలను కూడా. తుంచినా వాటికి మళ్లీ వెంట్రుక మొలకలే వస్తాయి.

ప్రశ్న: విత్తనం ఖరీదు మోయలేక ఉర్లగడ్డ కోసి నాటుతున్నాం. మొలక కట్టించాలంటే కోయడం ముందా, మొలక ముందా? ఎకరాకు ఎంత పడుతుంది? (వి.కోట)

కళ్లు ఉబ్బిన తర్వాత, మొలక సాగకముందు కోయాలి, అంటే పరిచిన ఐదారు రోజులకు. అప్పటికి ఏ కన్ను బతికుందో కనబడుతుంది, కత్తికి మొలక విరగదు.

50 గ్రాముల లోపు గడ్డను కోయవద్దు, అలాగే నాటండి. అంతకన్నా పెద్దదాన్ని కొస నుంచి తొడిమ వైపుకు నిలువునా కోయండి. అడ్డంగా కోస్తే చురుకైన కళ్లన్నీ కొస ముక్కకే దక్కుతాయి, తొడిమ ముక్క వారం ఆలస్యంగా లేస్తుంది, చేను ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. ముక్క 30-40 గ్రాములుండి, కనీసం రెండు కళ్లుండాలి.

ఎకరాకు లెక్క మీరే వేసుకోవచ్చు. సాలుకీ సాలుకీ 60 సెం.మీ., గడ్డకూ గడ్డకూ 25 సెం.మీ. పెడితే సుమారు 27,000 ముక్కలు. ముక్క 30 గ్రాములైతే 810 కిలోలు, 40 గ్రాములైతే 1,080 కిలోలు. ఎడం 20 సెం.మీ.కు తగ్గిస్తే 33,700 ముక్కలు, 30 గ్రాముల చొప్పున టన్ను పైచిలుకు. ఏరివేతకు పోయేది దీనికి అదనం.

కోసిన ముక్కను వెంటనే మట్టిలో పెట్టకండి. కోత మీద తొక్కలాంటి పొర కట్టాలి, దానికి రెండు మూడు రోజులు కావాలి. లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ (శిలీంధ్రనాశని మందు) కలిపిన ద్రావణంలో పది నిమిషాలు ముంచి, నీడలో ఆరబెట్టి, పలుచగా పరిచి, నీళ్లు పిండిన గోనెపట్ట కప్పి ఉంచండి. రెండో రోజుకు కోత ముఖం వేలికి జిగటగా తగలకుండా బరకగా ఉంటే పొర కట్టినట్టు. ఎండలో పెడితే కోత ఎండి పగులుతుంది గానీ పొర కట్టదు, ఆ పగుళ్లలోంచే కుళ్లు దిగుతుంది.

కత్తి సంగతి మరవద్దు. రెండు కత్తులు పెట్టుకుని, ఒకటి పొటాషియం పర్మాంగనేటు నీళ్లలో నానుతుంటే రెండోదానితో కోయాలి. మాంకోజెబ్ శిలీంధ్రానికే పనిచేస్తుంది, ఎండు తెగులు బ్యాక్టీరియాను ఏమీ చేయదు. కోసినప్పుడు లోపల గోధుమరంగు వలయం కనబడి, నొక్కితే దాంట్లోంచి తెల్లటి చీము లాంటిది ఊరితే ఆ గడ్డ ఆ తెగులుదే. దాన్ని పశువుల దొడ్డిలో కాదు, పొలానికి దూరంగా పాతిపెట్టండి. ఒక్క గడ్డ కోసిన కత్తి తర్వాతి పది ముక్కలకు అంటిస్తుంది. టమాట, వంగ, మిరప ఎండు తెగులుతో పోయిన మడిలో గడ్డ కోసి నాటడమే వద్దు. జూన్, జూలైలో నాటే ఖరీఫ్ పంటకు కూడా చిన్న గడ్డలు చూసుకుని కోయకుండానే నాటండి. వానాకాలపు తడి మట్టిలో ముక్కలు నిలవవు.

ప్రశ్న: సెప్టెంబరులో తవ్విన మా సొంత ఖరీఫ్ గడ్డను నవంబరులో విత్తనంగా వాడాలనుకుంటే కన్నే తెరవడం లేదు. మందు ఉందట, మోతాదు చెప్పండి. (కుప్పం)

దానికింకా నిద్ర తీరలేదు. లేపే పద్ధతి ఇదీ: 100 లీటర్ల నీటిలో కిలో థయోయూరియా కరిగించి, అప్పుడే కోసిన ముక్కలను గంటసేపు ముంచాలి. ఆ నీరు పది క్వింటాళ్ల గడ్డకు సరిపోతుంది. తీసి, 1 పీపీఎం జిబ్బరెల్లిక్ ఆమ్లం (మొక్కల పెరుగుదల హార్మోను) ద్రావణంలో పది సెకన్లు ముంచి, నీడలో ఆరబెట్టాలి.

1 పీపీఎం అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము. దుకాణంలో దొరికే 0.001 శాతం ద్రవమైతే 900 మి.లీ. నీటికి 100 మి.లీ. కలపాలి. 40 శాతం గుళికలైతే 100 లీటర్లకు పావు గ్రాము, అంటే చిటికెడు కన్నా తక్కువ. ఇక్కడ చేయి జారితే మొలకలు సన్నగా సాగి, మెడ వాల్చేస్తాయి. చేతులకు తొడుగులు వేసుకోండి. మందు తగిలిన గడ్డ మిగిలితే కూరకు గానీ పశువులకు గానీ పెట్టకూడదు.

మోతాదు అడిగారు కాబట్టి చెప్పాం. మా సలహా మాత్రం వేరు. ఖరీఫ్‌లో పేనుబంక, ఎండు తెగులు రెండూ ఎక్కువ. ఆ గడ్డను విత్తనం చేసుకుంటే మొలక తెప్పించవచ్చు గానీ దానిలోని వైరస్‌ను తీయలేం. పంజాబ్, ఉత్తరప్రదేశ్ మైదానాల్లో పేనుబంక తక్కువగా ఉండే చలి నెలల్లో పెంచి, అది ముసరకముందే కాడలు కోసేసి తీసిన విత్తనానికి అంత ధర పలకడానికి కారణం అదే.

ప్రశ్న: మార్కెట్లో కొన్న బంగాళదుంపలను మిద్దె తోట కోసం నెల రోజులుగా కిటికీ దగ్గర పెట్టాను. ఒక్క మొలకా రాలేదు. (హైదరాబాద్)

అది మొలకను ఆపే మందు పట్టిన సరుకు కావచ్చు. 2-4 డిగ్రీల్లో దాచిన గడ్డలో పిండి చక్కెరగా మారి తియ్యబడుతుంది, చిప్స్ వేయిస్తే ఎర్రగా మాడుతుంది. అందుకని చిప్స్‌కూ కూరకూ వెళ్లే సరుకును కొన్నిచోట్ల 10-12 డిగ్రీల్లో ఉంచి, మొలవకుండా సీఐపీసీ అనే మందు పొగ పెడతారు. అలాంటి గడ్డకు మొలక రాదు, వచ్చినా ఆవగింజంత బుడిపె కట్టి ఆగిపోతుంది. కడిగితే పోదు. కూర వండుకుని, రైతుల దగ్గర్నుంచి నాలుగు విత్తనగడ్డలు తెచ్చుకోండి. అక్టోబరు ఆఖరుకు మొలక కట్టించి, అడుగు వెడల్పు గ్రోబ్యాగుకు ఒకటి చొప్పున, బ్యాగు సగం వరకే మట్టి నింపి నాటండి. మొక్క జానెడు ఎదిగినప్పుడల్లా మిగతా మట్టి ఎగదోయండి.

ప్రశ్న: అలాట్‌మెంట్‌లో (అద్దెకు తీసుకున్న చిన్న తోట మడిలో) తొలిసారి వేస్తున్నాను. ఇక్కడి వాళ్లంతా జనవరి నుంచే కోడిగుడ్ల అట్టల్లో దుంపలు పేరుస్తున్నారు. అంత ముందు అవసరమా? (ఇంగ్లండ్‌లోని లెస్టర్ నుంచి)

మీ దగ్గర కొన్ని వారాల ముందు పేర్చడం అవసరమే. అక్కడ పొలం వేడెక్కేది మార్చి ఆఖరుకు. 10 డిగ్రీల దగ్గర ఉండే గదిలో మొలక నిదానంగా వస్తుంది, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కళ్లు ఎక్కువగా ఉన్న కొస పైకి ఉండేలా గుడ్ల అట్టలో నిలబెట్టి, వెలుతురు వచ్చే, మంచు గడ్డకట్టని గదిలో పెట్టండి. హీటర్ వేసిన గది, బట్టల అల్మారా వద్దు. 2-3 సెం.మీ. రాగానే బలమైన మూడు నాలుగు మొలకలు ఉంచి మిగతావి గిల్లేయండి. ఫస్ట్ ఎర్లీ (అన్నిటికన్నా ముందు చేతికొచ్చే) రకాలను వరసల మధ్య 60, మొక్కల మధ్య 30 సెం.మీ. దూరంలో నాటితే 10-12 వారాల్లో, అంటే జూన్‌లో తవ్వుకోవచ్చు. ముందు లేచిన మొక్కకు ఏప్రిల్, మే మంచు దెబ్బ ఉంటుంది. ఆ రాత్రి మట్టి ఎగదోసి ఆకు కప్పేయండి, లేదా తోట ఫ్లీస్ (మొక్కల మీద కప్పే పలుచటి గుడ్డ) పరవండి.

ప్రశ్న: మొలక బాగా కట్టిన గడ్డే నాటాం. ఇరవై రోజులైనా అక్కడక్కడ మొక్క రాలేదు. తవ్వి చూస్తే విత్తనగడ్డకే గోలీలంత పిల్లగడ్డలు అంటుకుని ఉన్నాయి. (ఝరాసంగం మండలం)

విత్తనం ముసలిదైంది. కోల్డ్ స్టోరేజీ నుంచి తీశాక వేడిలో ఎక్కువ రోజులు ఉన్నా, మొలకలు రెండు మూడుసార్లు విరిగినా గడ్డ తన వయసంతా అక్కడే గడిపేస్తుంది. తర్వాత చల్లటి పొడి మట్టిలో పడితే ఆకు వేసే ఓపిక లేక నేరుగా పిల్లగడ్డ కడుతుంది. రాని మొక్కల కోసం ఎదురుచూడకుండా సందులను ముల్లంగితోనో కొత్తిమీరతోనో నింపుకోండి. వచ్చే ఏడాది షెడ్డులో రెండు వారాలకు మించి ఉంచకండి.

ప్రశ్న: మొలక కట్టించి నాటాం, 65 రోజులకే గడ్డ కనిపిస్తోంది. ఇప్పుడే తవ్వితే నష్టమా? (జహీరాబాద్)

ధరను బట్టి ఉంటుంది. గడ్డ బరువు వేగంగా పెరిగేది ఇప్పుడే, కాబట్టి ఈ పది పదిహేను రోజుల్లో పోగయ్యే దిగుబడి తక్కువేమీ కాదు. చేనులో నాలుగు చోట్ల రెండేసి మీటర్ల సాలు తవ్వి తూకం వేయండి, వారం తర్వాత పక్క సాలులో మళ్లీ వేయండి. పెరిగిన బరువును ఈ వారం ధరతోనూ, మీరు ఊహించే వచ్చే వారం ధరతోనూ గుణించి చూసుకోండి.

తవ్వాలనే అనుకుంటే ఒకటి గమనించండి. బొటనవేలితో రుద్దితే తొక్క ఊడివస్తుంటే ఆ సరుకు మీ ఊరి సంతకు, మహా అయితే హైదరాబాద్‌కు రాత్రికి రాత్రి చేరేదానికే పనికొస్తుంది. దూరం పంపాలంటే నీళ్లు ఆపి, కాడలు నేలమట్టానికి కోసి, 10-12 రోజులు గడ్డను మట్టిలోనే వదిలితే తొక్క గట్టిపడుతుంది. కోసిన కాడలను చేలో వదలకుండా గట్టుకు చేర్చండి, వాటి మీద ఆకుమాడు తెగులు ఉంటే వానకు గడ్డల్లోకి దిగుతుంది.